దాదీ ఎందుకు పిలవలేదు?

బెంచీ ఖాళీగా ఉంది.

పూజ బెంచీ వెనక చూసింది. వేపచెట్టు వెనక చూసింది. చివరికి బెంచీ కింద కూడా వంగి చూసింది. దాదీ అక్కడ పట్టదని తెలుసు. అయినా చూసింది.

"మీ నానమ్మ ఏదే?" అంది సౌందర్య, ఐస్‌క్రీం నాకుతూ.

"గీడనే కూసుండే..."

కిందినుంచి జలపాతం హోరు వినిపిస్తోంది. పెద్దవూర దాటాక ఏటి ఒడ్డున ఉన్న ఆ పార్కుకు పూజ, నాయన హీరాలాల్, దాదీ జమ్లీ పొద్దున్నే వచ్చారు. మాడుగులపల్లి దగ్గరి తండానుంచి సొంత ఆటోలో. నాయన టిఫిన్ డబ్బా తేవడానికి ఆటో దగ్గరికి పోతూ ఒకటే మాట చెప్పాడు. "దాదీ చెయ్యి ఇడవకు."

పూజ విడిచింది. అంతకన్నా పెద్ద పని కూడా చేసింది.

నాయన అటు పోగానే, మిర్యాలగూడ స్కూల్లో తనతో చదివే సౌందర్య, హిమజ కనిపించారు. దాదీకి ఒక అలవాటు ఉంది. మనవరాలు కాస్త దూరమైతే చాలు, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని "పూ...జా... ఓ...!" అని పొడుగ్గా పిలుస్తుంది. చేలో ఆ పిలుపుకు అవతలి గట్టు మీది బర్రెలు కూడా తలెత్తుతాయి. సౌందర్య, హిమజ అది విన్నారో, సోమవారం క్లాసంతా అదే కూత కూస్తుంది.

అందుకే పూజ తమ తండా భాషలో దాదీ చెవిలో చెప్పింది. "నా దోస్తులున్నరు. ఏమైనా సరే, నన్ను పిలవకు. ఒట్టు పెట్టు."

దాదీ మనవరాలి ముఖం కాసేపు చూసింది. పూజ నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టు వేసి, బెంచీ మీద కూర్చుంది.

పూజ దోస్తులతో ఐస్‌క్రీం బండి దాకా పోయి వచ్చింది. ఇప్పుడు ఆ బెంచీ ఖాళీ.

విజిల్ గట్టిగా మోగింది. గార్డు ఐలన్న కింది బాట మొదట్లో నిలబడి అరుస్తున్నాడు. "మీద వాన పడ్డదట! నీళ్ళు పెరుగుతున్నయ్! కిందున్నోళ్ళు మీదికి రావాలె! జల్ది, జల్ది!"

జనం రొప్పుతూ మెట్లెక్కి వస్తున్నారు. పూజ ప్రతి ముఖమూ చూసింది. దాదీ లేదు.

"తాతా, మా నానమ్మ కనవడ్తలేదు."

"మరి పిలువు! నా మొకం సూస్తవేంది?"

పూజ పక్కకు చూసింది. హిమజ తననే చూస్తోంది.

"నానమ్మా!" అని పిలిచింది పూజ, స్టాఫ్‌రూం బయట నిలబడి టీచర్ని పిలిచినట్టు.

ఎవరూ పలకలేదు. ఎలా పలుకుతారు? దాదీని ఇంతవరకూ ఎవరూ నానమ్మా అని పిలవలేదు.

"పక్కనున్న నాకే ఇనవడలే," అన్నాడు ఐలన్న. కింది మెట్టు మీదికి ఎర్రనీళ్ళు వచ్చాయి. "గాడ మలుపు కాడ బాట రెండుగ చీలుతది బిడ్డా. ఆమె ఏ దిక్కున్నదో తెల్వకపోతే నేనెటు ఉరకాలె?"

అప్పుడు పూజకు అర్థమైంది. దోస్తులతో జలపాతం దగ్గరికి దిగిందనుకుని, దాదీ తనను వెతుక్కుంటూ కిందికి పోయింది. వేరే రోజైతే ఆ గొంతు ఈపాటికి జలపాతాన్ని మించి వినిపించేది. ఇవాళ వినిపించదు. కాలు జారినా, నీళ్ళు చుట్టుముట్టినా దాదీ పిలవదు. మనవరాలి నెత్తిమీద ఒట్టు తప్పే మనిషి కాదు.

పూజ కళ్ళు మూసుకుంది. ఊపిరి నిండా పీల్చుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"దా...దీ... ఓ...!"

పార్కంతా ఇటు తిరిగింది. చెట్టు మీది కోతి చేతిలోని చిప్స్ ప్యాకెట్ జారవిడిచింది. పూజ ఆగలేదు. తండా భాషలోనే, గొంతు చిరిగిపోయేలా అరిచింది. "ఒట్టు ఖతం! నేనే తీసేసిన! నన్ను పిలువు దాదీ!"

హోరు. హోరు తప్ప ఏమీ లేదు.

తర్వాత ఎడమవైపునుంచి సన్నగా వచ్చింది. "పూ...జా... ఓ...!"

ఐలన్న పరుగెత్తాడు. "ఆపకు బిడ్డా! పిలుస్తనే ఉండు!"

పూజ పిలిచింది. దాదీ పలికింది. మళ్ళీ పిలిచింది. ఈసారి దాదీ పలకలేదు. పూజ రెయిలింగు గట్టిగా పట్టుకుని ఇంకోసారి పిలిచింది. మరోసారి. నీళ్ళు రెండో మెట్టు మీదికి వచ్చాయి.

మలుపు దగ్గర ముందు ఐలన్న టోపీ కనిపించింది. తర్వాత అతని భుజం పట్టుకుని కుంటుతున్న దాదీ. నడుందాకా తడిసింది. కాలు రాళ్ళ సందులో ఇరుక్కుందట.

పూజ వెళ్ళి వాటేసుకుంది. "ఎందుకు పిలవలేదు దాదీ?"

"నువ్వే వద్దంటివి గదా," అంది దాదీ గుసగుసగా.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది పూజకు.

హిమజ మెల్లగా దగ్గరికి వచ్చింది. "మీ నానమ్మనా?"

"మా దాదీ," అంది పూజ.

"ఏం గొంతే నీది! నా ఐస్‌క్రీం కింద పడ్డది తెలుసా?" అంది సౌందర్య, ఖాళీ పుల్ల చూపిస్తూ.

అంతలో గేటు దగ్గర నాయన కనిపించాడు. విజిల్ విని పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. టిఫిన్ డబ్బా పట్టుకుని, పరేషాన్‌గా అటువైపంతా వెతుకుతున్నాడు. పూజ చెయ్యి నోటి దగ్గరికి ఎత్తింది.

దాదీ ఆమె మోచెయ్యి లాగింది. "జర మెల్లగ. నీ దోస్తులు సూస్తున్నరు."

"సూడనీ."

రెండో చేత్తో దాదీ చెయ్యి అలాగే పట్టుకుని, పూజ నాయన్ని పిలిచింది. గేటు దగ్గర నాయన డబ్బాతో సహా గిర్రున ఇటు తిరిగాడు.