యాకమ్మ చేనులో క్యాంపు

గడ్డపార చప్పుడు విని యాకమ్మ గట్టు మీదే ఆగిపోయింది. మోకాలెత్తు పెరిగిన జొన్న మధ్యలో ఒక యువకుడు చొక్కా లేకుండా నిలబడి గుంత తవ్వుతున్నాడు. అతని వెనక అప్పటికే వరుసగా గుంజలు పాతి ఉన్నాయి. ఆ వరుస పొడవునా జొన్న తొక్కుడుపడి నేలకు అతుక్కుపోయింది.

ఆమె ఒక మట్టిపెల్ల తీసి విసిరింది. అది అతని భుజానికి తగిలి పగిలింది.

"ఎవలు నువ్వు? మా చేన్ల ఏం పని నీకు?"

అతను భుజం దులుపుకున్నాడు. "ఇల్లు కడుతున్న."

"ఎవల ఇల్లు?"

"నాదే."

"మా చేన్ల నీ ఇల్లేంది? సోయున్నదా నీకు?"

"ఉన్నది. తుపాకి పట్టుకొని కట్టుమన్నరు, కడుతున్న. ఇది నీకు ఇష్టం లేనట్టున్నది. నాకూ లేదు. ఇంకో పెల్లుంటే గా లారీ దిక్కు ఇసురు. నేనేం అనుకోను."

రోడ్డు మీద మిలిట్రీ లారీ ఆగి ఉంది. దాని పక్కన ఇద్దరు సిపాయిలు బీడీలు కాలుస్తున్నారు. యాకమ్మ చేతిలో నిజంగానే ఇంకో పెల్ల ఉంది. ఆమె లారీ వైపు చూసింది, పెల్ల వైపు చూసింది. అతను నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె ఒళ్లు మండిపోయింది.

అది 1950 చలికాలం. నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు. కానీ గంగారం దాటాక మొదలయ్యే అడవిలో కమ్యూనిస్టుల సంఘం దళాలు ఇంకా పోరాడుతూనే ఉన్నాయి. వాళ్లకు అన్నం పెడుతున్నారని మిలిట్రీ అడవిలోని చిన్న చిన్న పల్లెలను తగలబెట్టింది. ఆ జనాన్నంతా బండ్లకెక్కించి రోడ్డు పక్కన ఒక్కచోట, ముళ్లతీగ మధ్యలో, వందల గుడిసెల్లో ఉంచాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆ చోటు యాకమ్మ ఊరికి తూర్పున ఉన్న గొల్లల మేతబయలు, దానికి ఆనుకుని ఉన్న ఆమె తండ్రి భిక్షపతి జొన్నచేను.

ఆ చేనుకు ఒక కథ ఉంది. ఊరి దొర దాన్ని ఎప్పుడో గుంజుకున్నాడు. సంఘం వచ్చాక అది భిక్షపతికి తిరిగి దక్కింది. రెండు పంటలు తీశాడో లేదో, ఇప్పుడు గుంజలు దిగాయి.

ఆ సాయంత్రం దొర ఊరివాళ్లను తన కోటలాంటి గడీ ముందుకు పిలిపించాడు.

"నేనేం చెయ్యాలె, సర్కారు ఆర్డరు. ఒక్కటి మాత్రం యాదుంచుకోండ్రి. అచ్చేటోల్లు అడివోల్లు, దొంగలు. రోగాలు తెస్తరు. మన బాయి ముట్టనియ్యొద్దు."

అందరూ తలలూపారు. భిక్షపతీ ఊపాడు. యాకమ్మ అయితే అందరికంటే గట్టిగా ఊపింది.

బండ్లు వచ్చాయి. ముసలివాళ్లు, చంటిపిల్లలు, కాలిన చాటలు, మూతలేని కుండలు. గుడిసెకు గుడిసె తగిలేలా జనాన్ని కుక్కారు. నీళ్లకు వాగులో తవ్విన చెలిమ ఒక్కటే దిక్కు. అది పశువులు కూడా దిగే చోటు.

ఒకరోజు ఆ యువకుడు కుండ పట్టుకుని ఊరి బావికి వచ్చాడు. బావి దగ్గరున్న మగవాళ్లు కర్రలు అడ్డం పెట్టారు. యాకమ్మ బిందె ఎత్తుకుంటూ అంది: "చేను తిన్నది సాలలేదా? బాయి కూడా తింటవా?"

అతను ఈసారి నవ్వలేదు. "చేను పోతే ఎట్లుంటదో నాకెరికే. మాది కూడా పోయింది. మా అమ్మకు జరం, అందుకొచ్చిన," అని ఖాళీ కుండతో వెనక్కి తిరిగాడు.

ఆ మాట ఆమె వెంటే ఇంటికి వచ్చింది. వద్దనుకున్నా పోలేదు. రెండు రోజుల తర్వాత క్యాంపులో కక్కుడు, పారుడు మొదలైంది. ఒక తల్లి పాత చీరముక్కలో చుట్టిన పసికందును చేతుల మీద మోసుకుంటూ, ముందొక సిపాయి వెనకొక సిపాయి రాగా, బయలు అంచున తవ్విన గుంత దగ్గరికి నడవడం యాకమ్మ గట్టు మీదినుంచి చూసింది. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. రెండు బిందెలు నింపుకుని సరాసరి ముళ్లతీగ దగ్గరికి పోయింది.

"ఎవరికి?" అని కాపలా సిపాయి వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"గిది మా చేను. నా చేనుకు నేను నీళ్లు పెట్టుకుంటున్న."

అతనికి ఏం అర్థమయిందో గాని పక్కకు జరిగాడు.

తీగ అవతల ఆ యువకుడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "పెల్ల తెచ్చినవా, నీళ్లు తెచ్చినవా?"

"రెండూ ఉన్నయ్. ఏది కావాలె?"

"ముందుగాల నీళ్లియ్యి. పెల్లకు నేనెక్కడికి పోత, గీడనే ఉంట గద."

నవ్వొద్దనుకుంటూనే ఆమె నవ్వింది. అతని పేరు కట్టయ్య. తల్లి పేరు సత్తమ్మ. యాకమ్మవాళ్లలాగే వాళ్లూ గొల్లలే. గొర్రెల మందను సిపాయిలు అడవిలోనే చెల్లాచెదురు చేశారు.

మర్నాడు బిందెలతో పాటు నానమ్మ వీరమ్మ కూడా బయల్దేరింది. తీగ దగ్గర కూర్చుని అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇంటిపేరేంది పిల్లగా?"

"కడారోల్లం అవ్వా."

"మీ అమ్మ పుట్టినూరు?"

"దంతాలపల్లి దిక్కు."

వీరమ్మ వేళ్ల మీద ఏవో వరసలు కలిపింది. "అట్లయితే మన యాకమ్మకు బావైతడు."

"అవ్వా, మనం నీళ్లు పొయ్యనీకి అచ్చినం," అంది యాకమ్మ.

"పొయ్యి. నేను వద్దన్ననా?"

కట్టయ్య తల వంచుకుని కుండలోకి చూస్తూ ఉండిపోయాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. అది యాకమ్మకు చాలా నచ్చింది.

కొన్నాళ్లకు మాటల్లో ఆమె అడిగింది: "ఇంత జాగలుండగ, మా చేనే ఎట్ల దొరికింది వీళ్లకు?"

కట్టయ్య గడీ వైపు చూశాడు. "నీకు తెల్వదా? ముందుగాల రోడ్డవతల మీ దొర బీడు చూసిండ్రు. ఆఫీసరు కుర్చీ వెట్టికి మోసింది నేనే, పక్కనే ఉన్న. గడీల అన్నానికి పిలిచిండు మీ దొర. తిని బయటికొచ్చినంక ఆఫీసరు చెయ్యి మీ చేను దిక్కు తిరిగింది."

యాకమ్మకు అంతా అర్థమయింది. సంఘం ఇప్పించిన చేను మళ్లీ పోయేలా చేసింది దొరే. పైగా నేరం ఈ ఇల్లు కాలినవాళ్ల మీద వేసి, బావికి కర్రలు అడ్డం పెట్టించాడు. ఆ కర్రల పక్కన తనూ నిలబడింది. ఆమె బిందె దించి తీగకు దగ్గరగా వచ్చింది. "ఈ మాట ఆఫీసరు ముంగట అంటవా?"

"నువ్వు పక్కనుంటే అంట."

ఆఫీసరు క్యాంపు చూడడానికి వచ్చిన రోజు యాకమ్మ ఊరి ఆడవాళ్లను వెంటేసుకుని పోయింది. తండ్రీ, అవ్వా వచ్చారు. ఆఫీసరు మద్రాసు వైపునుంచి వచ్చినవాడు. దొర అతని పక్కన గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

"మీ ఊరివాళ్ల అభ్యంతరం దొరగారు చెప్పారమ్మా. వీళ్లు మీ పక్కన ఉండటం మీకిష్టం లేదట. తీగ ఇంకో వరస వేయిస్తాను," అన్నాడు ఆఫీసరు.

"మాకిష్టం లేంది వీళ్లు గాదు సారు. వీళ్లను గీడికి తోలుడు ఇష్టం లేదు."

ఆమె యాసకు ఆఫీసరు నవ్వాడు. "గీడికి ఏమిటి? కాస్త అర్థమయ్యేలా మాట్లాడమ్మాయ్."

"మీకు అర్థమయ్యేతట్టే చెప్త. వాళ్ల ఇండ్లు కాలవెట్టిండ్రు. మా జొన్న తొక్కిచ్చిండ్రు. ఇద్దర్ని ఆగం జేసి, ఇద్దరి మంచికే అంటున్నరు. మంచిదే అయితే రోడ్డవతల దొర బీడు లేదా? గాడెందుకు కట్టలే? వాళ్లను వాళ్ల ఊరికి తోలుండ్రి. మా చేను మాకియ్యిండ్రి. గంతే."

దొర ముఖం మాడిపోయింది. తీగ అవతలినుంచి కట్టయ్య ముందుకు వచ్చాడు. "నేను చూసిన సారు. గా బీడే ముందుగాల చూసిండ్రు. మీరు అన్నం తిన్నంకనే చెయ్యి ఇటు తిరిగింది. కూర మంచిగున్నట్టున్నది."

జనం గొల్లున నవ్వారు. బావి దగ్గర కర్రలు పట్టిన మగవాళ్లు కూడా నవ్వారు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. నిమిషంలో కట్టయ్య చేతులు వెనక్కి కట్టి లారీ ఎక్కించారు. యాకమ్మ పోయి లారీ ముందు కూర్చుంది. ఆమె పక్కన అవ్వ కూర్చుంది. ఊరి ఆడవాళ్లు కూర్చున్నారు. తర్వాత మగవాళ్లూ వచ్చారు. లారీ వెనక్కి మళ్లి, మిగిలిన జొన్న మీదుగా చేనుకు అడ్డంపడి రోడ్డెక్కింది.

"యాకమ్మా, మా అమ్మను చూసుకో," అని కట్టయ్య పైనుంచి అరిచాడు.

"నువ్వు చెప్తేనే చూస్తనా?" అంది ఆమె. అప్పటికే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ పూటే ఊరి బావి అందరిదీ అయింది. గడీ ముందు తల ఊపినవాళ్లే చేదతో తోడి పోశారు. గొడవ పైదాకా పోయిందేమో, కొత్త గుడిసెలు రోడ్డు అవతల దొర బీడులో పడ్డాయి. కానీ యాకమ్మ చేనులోవి లేవలేదు.

భిక్షపతి మానుకోట తాలూకా కచేరీకి పోయి అడిగితే, కట్టయ్యను వరంగల్ జైలుకు పంపామన్నారు. అంతకంటే ఎవరూ చెప్పలేదు. యాకమ్మ రోజూ సత్తమ్మకు గంజి తీసుకుపోయేది. ఇద్దరూ కట్టయ్య గురించి ఎక్కువ మాట్లాడుకునేవాళ్లు కాదు. మాట్లాడితే ఇద్దరికీ ఏడుపు వచ్చేది.

మరుసటి ఏడాది చివర్లో సంఘం పోరాటం ఆపింది. క్యాంపు తీగ విప్పారు. జనం ఎవరి దారిన వాళ్లు అడవికి వెళ్లిపోయారు, సత్తమ్మ కూడా. భిక్షపతి బండరాయిలా గట్టిపడ్డ చేనును మళ్లీ దున్నాడు. కొన్నాళ్లకు కట్టయ్య విడుదలయ్యాడని తెలిసింది. వారం గడిచింది, నెల గడిచింది. అతను రాలేదు.

"జైలుకు పోయి ఎచ్చులు నేర్చిండు," అని యాకమ్మ బిందె ఠపీమని దించింది.

"అయితే పోయి అడుగుదాం పా," అంది వీరమ్మ.

"పిల్ల దిక్కోల్లు పోయి అడుగుతరా? నలుగురు నవ్వరా?" అన్నాడు భిక్షపతి.

"నవ్వనీ బాపు. నేను అడగనీకి పోతలేను. కొట్లాటకు పోతున్న," అంది యాకమ్మ.

ముగ్గురూ బండి కట్టుకుని గంగారం దాటి, అడవిలో వాగు పక్కనున్న పల్లె చేరారు. కాలిన చోటే ఇళ్లు మళ్లీ లేస్తున్నాయి. కట్టయ్య కాళ్లతో మట్టి తొక్కుతున్నాడు. ఆమెను చూసి అలాగే నిలబడిపోయాడు. బాగా చిక్కిపోయాడు.

"ఎందుకు రాలే?" అంది యాకమ్మ.

"ఎట్ల రావాలె? పిల్లనెక్కడుంచుతవని మీ బాపు అడిగితే ఏం చెప్పాలె? ఇల్లు లేవనీ, పోదామనుకున్న."

"లేచింది గద."

"మూడు దిక్కుల లేచింది. నాలుగో దిక్కు ఆపిన. గుమ్మం ఏడ పెట్టాలెనో నిన్నడగకుండ ఎట్ల పెడుత?"

కొట్లాటకని దారంతా కూడబెట్టుకున్న మాటలను ఆమె పక్కన పెట్టింది. మూడు గోడల మధ్యకు నడిచి, నాలుగు దిక్కులూ చూసింది.

"గిటు పెట్టు," అంది. "పొద్దుగాల లేస్తే వాగు కనవడాలె."

బండి దగ్గర సత్తమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతున్న వీరమ్మకు చెవులు సరిగా వినపడవు. "ఏమంటున్నది పిల్ల?" అని అడిగింది.

భిక్షపతి తలపాగ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "గీడనే ఉంటదట," అన్నాడు.