అధ్యక్షుడి పేరిట ఐదు మిల్లీలీటర్లు

“అధ్యక్షుడికి క్యాన్సర్. తెలిసింది ముగ్గురికే: ఆయనకి, నాకు, ఇప్పుడు నీకు,” అన్నాడు చీఫ్. “విదేశీ ముఠా ఆయన రక్తం కోసం కాచుక్కూర్చుంది. సీరంలో క్యాన్సర్ జాడ చెప్పే ప్రోటీన్ పెరిగిందని తేలిందా, సరిహద్దు దాటొస్తారు. ల్యాబ్‌లో ట్యూబు మార్చెయ్. ఆరోగ్యవంతుడి రక్తం పెట్టు.”

“ఎవరిది సార్?”

చీఫ్ ఎగాదిగా చూశాడు. “ఎద్దులా ఉన్నావుగా!”

దేశం కోసం రక్తం ధారపోస్తామన్నవాళ్లు డిపార్ట్‌మెంట్‌లో బోలెడుమంది. సిరంజితో కొలిచి పోసింది ఏజెంట్ గద్ద ఒక్కడే. టెక్నీషియన్ కోటు తొడిగి, తన రక్తం గడ్డకట్టేదాకా ఆగి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేరిన పసుపుపచ్చ సీరానికి అధ్యక్షుడి లేబుల్ అంటించాడు. మధ్యాహ్నానికి ముఠా దాన్ని కొట్టేసింది.

సాయంత్రం మెరుపు ఫోన్ చేసింది. రెండు పక్షాలకూ పనిచేస్తూ, రెండు పక్షాల మతులూ పోగొట్టే అందగత్తె.

“ట్యూబు మార్చి ఆరోగ్యవంతుడి రక్తం పెట్టానన్నావేంటోయ్? ప్రోటీన్ ఆకాశంలో ఉంది! మావాళ్లు బలగాలు కదిలిస్తున్నారు.”

“మెషిన్ తప్పేమో.”

“మళ్లీ మళ్లీ చేశారు. ఇంతకీ ఎవరి రక్తం?”

“నాది.”

“అయ్యో!” ఏ పక్షం తరఫున అందో తెలియలేదు. గద్ద ఫోన్ పెట్టేశాడు.

నేరుగా ముఠా క్లినిక్‌కి వెళ్లి చొక్కా చెయ్యి మడిచాడు.

“ఆ సీరం నాది. అధ్యక్షుడు గుండ్రాయిలా ఉన్నాడు. మిమ్మల్ని సరిహద్దు దాటించి నలిపెయ్యాలని మావాళ్ల ప్లాన్. నమ్మకపోతే మళ్లీ తీసి చూసుకోండి.”

“మాకెందుకు చెప్తున్నావ్?” అన్నాడు ముఠా నాయకుడు.

“నా జబ్బు నాకే చెప్పకుండా నన్ను ఎర వేశారు. ఒళ్లు మండదూ?”

మెషిన్ తిరుగుతోంది. అంకె కలిస్తే దేశం బతుకుతుంది. కలవకపోతే తను. ఏది కోరుకోవాలో తెలియక గద్ద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నాయకుడి వేలు వైర్‌లెస్ బటన్ మీదే ఉంది.

అంకె కలిసింది.

“దాడి క్యాన్సిల్!” అరిచాడు నాయకుడు. తుపాకీ తీసి, రిపోర్టు చూసి, మళ్లీ లోపల పెట్టేశాడు. “తూటా దండగ. పో బాబూ, త్వరగా స్కాన్ చేయించుకో. ఈ ఒక్క టెస్టుతో ఖాయం చెయ్యలేరట.”

వీధిలో ఫోన్ మోగింది.

“శభాష్ రా! దేశాన్ని కాపాడావ్!” చీఫ్ గొంతు పొంగిపోయింది. “ఒంట్లో బాగుందా?”

“రిపోర్టు శత్రువుల దగ్గర ఉండిపోయింది సార్. ఎవరినైనా మంచి గూఢచారిని పంపండి.”