ఒరిగిన నీళ్లు

శవం బోర్లా పడి ఉంది. తల మీద, వీపు మీద ఇనుప రాక్. చుట్టూ రంగు డబ్బాలు, బ్రష్షులు, అగ్గిపుల్లంత దీపస్తంభాలు.

పక్కనే పెద్ద బల్ల. ఒక కాలు విరిగి, ఆ మూల కిందికి వాలిపోయింది. బల్లకి స్క్రూలతో బిగించి ఉండటం వల్ల బొమ్మ ఊరు మాత్రం జారలేదు. వరదలో మునిగిన వీధి అది. ఇళ్ల కప్పుల దాకా నీళ్లు.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆగి చూసింది.

"యాక్సిడెంటే మేడం," అన్నాడు వెనక నుంచి హెడ్ కానిస్టేబుల్. "చూస్తేనే తెలుస్తోంది."

"నాకు తెలియట్లేదు. నువ్వు కాస్త పక్కకి జరిగితే వెలుతురొస్తుంది."

చనిపోయినాయన మినియేచర్లు చేసే మనిషి. మ్యూజియాలకి, ఎగ్జిబిషన్లకి బల్లంత ఊళ్లు కట్టిచ్చేవాడు. పోశాక గాజులా గట్టిపడే రెసిన్‌తో నీళ్లు చేయడంలో ఆయనకి ఎదురులేదు. ఆయన పోసిన నదిలో వేలు పెట్టి, తడి అంటిందేమో అని చూసుకున్నవాళ్లు ఉన్నారు. నోరు మాత్రం చేదు. పలకరించినవాడు రెండోసారి పలకరించడు.

పోలీసులకి ఫోన్ చేసింది తమ్ముడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే వర్క్‌షాప్. ఇళ్లు, గోడలు, తలుపులు తమ్ముడు చెక్కుతాడు. నీళ్లు అన్న పోస్తాడు.

"ఎప్పుడు చూశారు?"

"ఇందాక సాయంత్రం. తాళం తీసి లోపలికొస్తే ఇదీ సంగతి."

"లోపల మనిషుంటే తాళమెందుకు తీశారు?"

"లాగితే దానంతటదే పడే తాళం అది. అన్నయ్య దగ్గరొక తాళంచెవి, నా దగ్గరొకటి, వదిన దగ్గరొకటి."

"ఏం జరిగుంటుంది?"

"ఏముంది. నిన్న రెసిన్ పోస్తుంటే బల్ల కాలు విరిగింది. ఎప్పట్నుంచో వదులుగానే ఉంది, చెప్తే విన్లేదు. తూలి రాక్ పట్టుకున్నాడు. అది మీద పడింది."

"దగ్గరుండి చూసినట్టే చెప్తున్నారు."

"చూడక్కర్లేదు. కళ్లుంటే చాలు."

అప్పుడే భార్య వచ్చింది. తల్లికి గుండెనొప్పి అంటే నిన్న రాత్రి నుంచి ఆస్పత్రిలోనే ఉందట. శవాన్ని చూసింది. ఏడవలేదు. మరిది వైపు వేలు చూపించింది.

"వీడే."

"నిన్న మధ్యాహ్నం, నువ్వు చస్తే పీడ పోతుందని ఇల్లెగిరిపోయేలా అరిచిందెవరో అడగండి మేడం," అన్నాడు తమ్ముడు.

"అన్నాను. పెళ్లైనప్పట్నుంచీ అంటున్నాను. నేనంటే పోయేవాడైతే ఎప్పుడో పోయేవాడు."

మర్నాడు పోస్ట్‌మార్టం రిపోర్ట్ వచ్చింది. శవం దొరకడానికి ముందురోజు సాయంత్రమే ప్రాణం పోయింది. తల వెనక లోతైన గాయం, సన్నటి అంచుది. "రాక్ అంచు వెడల్పు. గాయానికి సరిపోవట్లేదు," అన్నాడు డాక్టర్. "అలాగని కోర్టులో ఖాయంగా చెప్పలేను."

డీఎస్పీ ఫోన్ చేశాడు. యాక్సిడెంట్ అని రాసి ఫైలు మూసెయ్యమన్నాడు. హత్యే అంటావా, ఆ సాయంత్రం భార్య ఎక్కడుందో అడుగు అన్నాడు. అదీ నిజమే. ఆవిడ ఆస్పత్రికి చేరింది బాగా చీకటి పడ్డాకే. ఈలోపు రోడ్ల మీద తిరిగానంటుంది. సాక్షి లేడు.

ఇన్‌స్పెక్టర్ మళ్లీ వర్క్‌షాప్‌కి వెళ్లింది. రెసిన్ వాసన ఇంకా గొంతు పట్టుకుంటోంది. బల్ల మీదికి వంగింది. వరద అడుగున వీధంతా కనిపిస్తోంది. గోరంత తలుపులు, గుమ్మం ముందు వదిలేసిన చెప్పులు, దారానికి ఆరేసిన చొక్కాలు.

సీసాలోని మంచినీళ్లు కాసిని రెసిన్ మీద ఒంపింది.

అవి నిలవలేదు. వాలిన మూలకి బిరబిరా పారి, అంచు దాటి నేల మీద పడ్డాయి.

ఆమె స్కేలు తెప్పించి బొమ్మ ఊరి నాలుగు మూలలా కొలిచింది. రెండు ఫోన్లు చేసింది. ఆపైన అందరినీ అక్కడికే పిలిచింది.

తమ్ముడొచ్చాడు. భార్య వచ్చింది. ఇద్దరూ చెరో గోడకి అతుక్కుపోయారు. రెసిన్ అమ్మే షాపు ఓనర్ కూడా వచ్చాడు. సరుకు బాగాలేదని పోయినాయన అతన్ని అంతకుముందే నలుగురిలో కడిగేశాడు. అతనికీ బాధ లేదు.

ఇన్‌స్పెక్టర్ గాజు గ్లాసులో నీళ్లు పోసి, దాన్ని పక్కకి వంచి పట్టుకుంది.

"గ్లాసు ఒరిగింది. నీళ్లు ఒరిగాయా?"

"ఇదేం క్లాసండీ," అన్నాడు తమ్ముడు.

"రెసిన్ కూడా పోసినప్పుడు నీళ్లలాంటిదే. పోస్తుండగా కాలు విరిగితే ఏమవ్వాలి? ఈ మూల నుంచి పొంగి నేల మీద పడాలి. మిగిలింది నేలకి సమంగా గట్టిపడాలి. ఇక్కడ కింద చుక్క రెసిన్ లేదు. నాలుగు మూలలా అంచుకీ నీళ్లకీ మధ్య ఎడం ఒక్కటే. ఈ నీళ్లు బల్లతో పాటే ఒరిగాయి."

గ్లాసు కింద పెట్టి షాపు ఓనర్ వైపు తిరిగింది.

"గట్టిపడేదాకా బల్ల నాలుగు కాళ్ల మీదే ఉంది. ఎంతసేపు పడుతుంది?"

"ఈ రకం అయితే రాత్రంతా జిగురే మేడం," అన్నాడు షాపు ఓనర్. "మర్నాడు పొద్దెక్కితేగాని రాయి కాదు. నాలుగింటికి పోయడం అయిందని ఆయన నాకు ఫొటో కూడా పెట్టారు."

"ఆ సాయంత్రమే ఆయన పోయారు. పోయిన మనిషి మర్నాడు లేచి బల్ల విరగ్గొట్టుకోడు. ఎవరో తాళం తీసుకుని వచ్చారు. కాలు విరిచారు. రాక్ లాగి శవం మీద పడేశారు. పోయినాయన తాళంచెవి ఆయన జేబులోనే దొరికింది. ఈ షాపాయన దగ్గర అసలు లేదు. ఆవిడ మర్నాడంతా ఆస్పత్రి వరండాలో ఉంది, సీసీటీవీలో చూశాను. ఇంక మిగిలింది మీరు."

ఇన్‌స్పెక్టర్ తమ్ముడికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"దేంతో కొట్టారు?"

"చెక్కలు బిగించే ఇనుప క్లాంప్‌తో," అన్నాడు తమ్ముడు. "కడిగేసి నా పనిబల్ల మీదే పెట్టాను."

"ఎందుకు?"

"ఏడాది చెక్కాను ఆ వీధిని. కళ్లు పోయేలా చెక్కాను. వరద సీనుగా మార్చేస్తున్నానని మాటమాత్రం చెప్పలేదు. వచ్చేసరికి ముంచేశాడు. పోశాక ఇంక తియ్యడం ఉంటుందా? ఎక్కడ పెట్టినా జనం నీళ్లనే పొగుడుతారు. ఆ నీళ్ల ఒడ్డున నేనొకణ్ని ఉన్నట్టు ఎవడికీ తెలీదు. ఇదేం పనన్నాను. నీళ్లు లేకపోతే నీ కొంపలు చూసేదెవడ్రా అన్నాడు. నవ్వాడు కూడా."

"మీరు నాకు చెప్పింది వాడికి చెప్పండి," అంది భార్య, షాపు ఓనర్‌తో.

"ఇప్పుడెందుకమ్మా."

"వాడు వినాలి. చెప్పండి."

అతను నేల చూపులు చూశాడు. "వరద నీళ్లు కదా, మట్టిరంగు ఇమ్మంటారా అని అడిగాను. వద్దన్నారు. అద్దంలా ఉండాలి, బుడగ ఒక్కటి కూడా రాకూడదన్నారు. అడుగున మా తమ్ముడి పనుంది, ఒక్క కిటికీ మసకబారినా నీ షాపు తగలబెడతానన్నారు."

"అబద్ధం," అన్నాడు తమ్ముడు. "నా గురించి అలా అనడు."

"నీతో అనడు," అంది భార్య. "నాతోనూ అనలేదు. ఆయన మంచి మాటలన్నీ బజారులోనే."

హెడ్ కానిస్టేబుల్ బేడీలు వేశాడు. గుమ్మానికి దారి ఆ బల్ల పక్కనుంచే.

"చూసి పో," అంది భార్య. గొంతు పెంచలేదు. "ఒక్కసారి చూసి పో."

తమ్ముడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజం గోడకి రాసుకుంటూ, గుడ్డివాడిలా అడుగు తడుముకుంటూ బయటికి నడిచాడు.