వందన వెంట ఎవరు?

ఆ ఇంట్లో శ్రీజ ఆరోగ్యమంత్రి అయి మూడు రోజులైంది. తొమ్మిదో తరగతి పిల్లకు అంత పెద్ద పదవి ఎవరిచ్చారంటే, సోషల్ మేడమ్ ఇచ్చింది. స్కూల్లో మాక్ పార్లమెంటు పెడుతున్నారు. దేశంలో ప్రతి మనిషికీ వైద్యం ఒక హక్కుగా ఉండాలని శ్రీజ బిల్లు పెట్టాలి, ఎదుటి పక్షం దాన్ని చీల్చి చెండాడాలి. అప్పటినుంచి సూర్యాపేటలోని ఆ ఇంట్లో ఎవరికీ నిమ్మళంగా చాయ్ తాగే యోగం లేదు.

"నానమ్మా, నీకు వైద్యం హక్కు కావాల్నా, హెల్త్ కార్డు కావాల్నా?" ఆ పొద్దున పెన్నును మైకులా పట్టుకుని అడిగింది శ్రీజ.

మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్న సత్తమ్మ మోకాళ్లు రాసుకుంటూ అంది, "రెండిట్ల దేనికి గోలీలిస్తరో అది."

స్నానం చేసి వచ్చిన ప్రభాకర్ నవ్వాడు. అతనికి కోదాడ రోడ్డులో బోరు మోటార్ల షాపు ఉంది. దేశం సంగతులన్నీ ఆ కౌంటర్ మీదే తేలిపోతాయని అతని నమ్మకం. "బిడ్డా, ముందుగాల ఒకటి రాసుకో. ఫుకట్ల ఇచ్చేదానికి ఇలువుండదు. వైద్యం ప్రైవేటోళ్లకు అప్పజెప్పి, గవర్నమెంటు బిల్లు కడితే ఖతం."

"ఏందిరా ఇలువుండనిది?" కొడుకు మీదికి లేచింది సత్తమ్మ. "నా కడుపుల రాళ్లు తీసింది సర్కారు దవాఖానల కాదా? నేను మంచిగ లేనా?"

"నీకు మంచిగనే అయిందే అమ్మా. అందరికీ గట్లనే అయితదా అంటున్న."

"ఎందుకు కాదు డాడీ?" అంది శ్రీజ. ఆ పిల్లకు 'ఎందుకు' అన్న మాట లేకుండా పూట గడవదు.

తల్లీకొడుకులు గొంతులు పెంచారు. వంటింట్లోంచి మాత్రం దోశెలు వస్తూనే ఉన్నాయి. వాటిని వేస్తున్న మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. ఇంట్లో ఒక ఓటు మిగిలిపోయిందని శ్రీజకే తట్టింది. లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్లింది.

"అమ్మా, బిల్లుల నువ్వైతే ఏం పెడ్తవ్?"

వందన పెనం మీదనుంచి చూపు తిప్పలేదు. "వెంట ఉండేటోళ్లను పెడ్త."

"అంటే?"

"డాక్టరుంటడు, మందులుంటయ్, మంచముంటది. ఆ మంచం పక్కన కూసునేటోళ్లెవరు? అది రాయి మంత్రీ."

ప్రభాకర్‌కు పెద్దగా నవ్వొచ్చింది. "గదొక్కటే తక్కువైంది! తోడుకు గూడ గవర్నమెంటేనా? ఇంట్లోళ్లు ఎందుకున్నరు?"

"నేను గూడ అదే అడుగుతున్న," అంది వందన. "ఎందుకున్నరు?"

నవ్వు ఆగిపోయింది. శ్రీజ మాత్రం ఆగలేదు. "తోడు ఎవరికి అమ్మా?"

"ఎవరికో ఒకరికి."

"ఎవరికో అంటే ఎవరికి?"

వందన స్టవ్ కట్టేసి కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకే. గర్భసంచిల గడ్డ ఉన్నది. ఆపరేషన్ చెయ్యాలని ఎండకాలంలనే చెప్పిన్రు. రక్తం పోతనే ఉన్నది. నిలవడితే కండ్లు తిరుగుతున్నయ్."

ప్రభాకర్ చేతిలో ప్లేటు పక్కన పెట్టేశాడు. "నాకెందుకు చెప్పలే? షాపు బందు పెట్టి హైదరాబాద్ తోల్కపోదును గదా! పైసలకు నేనెన్నడన్న ఎనకముందాడిన్నా?"

"పైసలెవలడిగిన్రు? దవాఖానల సిస్టరమ్మ నన్ను ఒక్కటే అడిగింది. నీ వెంట ఉండే ఆడమనిషి ఎవరమ్మా అని. ఆడోళ్ల వార్డుల రాత్రిపూట మొగోళ్లను ఉండనియ్యరు. నాకు జవాబు రాలే. మళ్ల వస్తనని లేచి వచ్చిన."

'వెంట ఎవరు' అన్న ప్రశ్నకు వందన ఇన్నేళ్లూ తడుముకోకుండా 'నేనే' అని జవాబు చెప్పింది. మామగారి ఆఖరి రోజుల్లో చెప్పింది, అత్తకు రాళ్లు తీసినప్పుడు చెప్పింది, మిర్యాలగూడలో చెల్లెలు రూప కాన్పుకూ చెప్పింది. తన వంతు వచ్చేసరికి చెప్పడానికి ఒక్క పేరూ దొరకలేదు.

"రూపను పిలుద్దాం," అన్నాడు ప్రభాకర్.

"దాని చేతిల సంటిపిల్ల. వార్డుకు ఎట్ల తీస్కొస్తది?"

"నేను లేనానే?" అంది సత్తమ్మ చిన్నబుచ్చుకుని.

"మీకే ఒకరు కావాలె గదా అత్తమ్మా."

వందన ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్న సంగతి అన్నట్టు అంది.  సత్తమ్మకు తన ఆపరేషన్ తర్వాత కళ్లు తెరిచినప్పుడల్లా కోడలు పక్కనే కనిపించడం గుర్తుంది కానీ, ఆ పిల్ల ఏం తిన్నదో, ఎక్కడ నడుం వాల్చిందో గుర్తు లేదు. అడిగితే కదా గుర్తుండటానికి.

"ఏమే, నాకు రాళ్లు తీసినప్పుడు నువ్వు యాడ పండుకున్నవే?"

"కిందనే. మీ మంచం కింద చెద్దరేసుకొని."

సత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అడగనన్న అడగలే గదనే నేను! మహారాణి లెక్క మంచం మీద పండి, దిండు సరిచెయ్యమంటి, నీళ్లు తెమ్మంటి." ముక్కు చీదుకుని కోడలి చెయ్యి పట్టుకుంది. "బ్యాగు సదురు. నేనొస్త."

"మోకాళ్లు అత్తమ్మా..."

"పక్కన కూసునేటందుకు మోకాళ్లెందుకే? ఏమన్న కావాల్నంటే కేకేస్త. నా గొంతు నీకెరుకే గదా."

ప్రభాకర్ తల దించుకున్నాడు. బయట ఎన్ని మోటార్లకు రిపేరు చెప్పాడో కానీ, ఇంట్లో మనిషి పాలిపోయిన సంగతి కనిపెట్టలేదు. "పగటిపూట నేను దవాఖాన గేటు కాడనే ఉంట," అన్నాడు మెల్లగా. "వంట నేనూ బిడ్డా చూస్కుంటం."

మాక్ పార్లమెంటులో శ్రీజ తన బిల్లుకు కొత్త క్లాజు కలిపింది. పేషెంటు వెంట ఎవరూ లేకపోతే తోడును సర్కారే ఇవ్వాలని. ఇది ఇంటి సంగతి, దేశం సంగతి కాదని ఎదుటి పక్షం బల్లలు చరిచింది. "ఇండ్లు దేశంల లేవా?" అని మంత్రి అడిగింది. ఓట్లు చెరిసగమయ్యాయి, ఇంతలో స్కూలు గంట కొట్టేశారు.

ఆ వచ్చే సోమవారం వందనను దవాఖానలో చేర్చారు. ఆడవాళ్ల వార్డు బయట బెంచీ మీద వందన, పక్కన చేతికర్రతో సత్తమ్మ కూర్చున్నారు. ముడుచుకుపోయిన కోడలి అరచేతిని అత్త తన ఒళ్లో పెట్టుకుంది. అంతలో తలుపు తీసుకుని సిస్టర్ బయటికొచ్చింది.

"వందన పేషెంట్ వెంట ఎవరమ్మా?"

"నేనే సిస్టర్!" అంటూ వందన గబుక్కున లేచి నిలబడింది.

సిస్టర్ ఆమె చేతికున్న సెలైన్ సూది వంక వింతగా చూసింది. సత్తమ్మ కోడలి కొంగు పట్టి కిందికి గుంజి కూర్చోబెట్టింది. కర్ర ఊతంతో తాను లేచింది. లేవడానికి చాలాసేపే పట్టింది.

"నేనున్న బిడ్డా దాని వెంట. ఏం చెయ్యాల్నో నాకు చెప్పు. అది కూసుంటది."

వందన కూర్చుంది. కూర్చుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది.