ఒంటిచేత్తో ఎత్తిన బ్యాటరీ

“శ్రీహరికోటలో రాకెట్ లేవగానే దాని సిగ్నల్స్ చెడగొట్టే జామర్ నీ చుట్టుపక్కలే ఉంది,” ఇయర్‌పీస్‌లో చీఫ్ కరుణాకుమారి గొంతు కరుకుగా పలికింది. “కరెంటు లైన్ల మీద మన నిఘా ఉంది కాబట్టి అది బ్యాటరీ మీదే నడవాలి. ఈ పూటే లాంచ్. పట్టుకో.”

“ఎస్ మేడమ్,” అన్నాడు ఏజెంట్ సుధాకర్. లుంగీ, తలపాగా, చేతిలో మేత బకెట్. తోటపల్లి గూడూరులో అతను రొయ్యల చెరువు కాపలాదారు.

అతని కళ్ళు మాత్రం ఉష మీదే ఉన్నాయి. విదేశీ ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకు రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్ ఆమె. ముఠా మనిషి ఆనందబాబు పక్కన అంత ముచ్చటగా నవ్వడం కూడా నటనేనా? సుధాకర్‌కి కడుపు మండిపోతోంది.

ఆనందబాబు వ్యాన్‌లోంచి కొత్త ఇన్వర్టర్ బ్యాటరీని ఒంటిచేత్తో దించి, రెండో చేత్తో క్రాఫ్ సర్దుకుంటూ షెడ్‌లోకి నడిచాడు.

“ఒంటిచేత్తో ఎత్తినాడు, చూసినావా అన్నా! ఏం కండలు!” అంది ఉష, కాపలాదారుతో అన్నట్టే.

వాళ్ళు బ్యాటరీని ఇనుప కమ్మీల బోనులో పెట్టి, తాళం వేసి వెళ్ళారు. సుధాకర్ ఆగలేకపోయాడు. మూలనున్న పాత బ్యాటరీని ఒంటిచేత్తో లాగాడు. కదల్లేదు. రెండు చేతులతో ఎత్తబోతే నడుం కలుక్కుమంది. సీసం మరి! లెడ్ యాసిడ్ బ్యాటరీని ఇద్దరు మోస్తే గానీ...

అప్పుడు వెలిగింది. ఆ డబ్బాలో సీసం లేదు. ఉన్నది తేలికైన లిథియం, మిగిలిన చోటులో జామర్!

ఇయర్‌పీస్‌లో కౌంట్‌డౌన్ మొదలైంది. బోను నేలకి బిగించి ఉంది. డబ్బా సీలు చేసి ఉంది. బయటికి కనిపించేవి రెండు టెర్మినల్సే. వాటిని కలిపేస్తే? లెడ్ యాసిడ్ అయితే పేలి ముఖం కాలుతుంది. లిథియం అయితే లోపలి రక్షణ సర్క్యూట్ తనంతట తనే పవర్ ఆపేస్తుంది. కానీ దేంతో కలపాలి? దొరికిన అల్యూమినియం తీగ సన్నం, ఇట్టే కరిగిపోతుంది. రాగి తీగ లేదు. రాగిని మించి కరెంటును మోసేది వెండి!

లుంగీని బిగించి ఉంచిన వెండి మొలతాడు తెంపి, తలపాగా గుడ్డతో పట్టుకుని, కమ్మీల మధ్యనుంచి టెర్మినల్స్ మీద వేశాడు. చిటపటమని మెరుపు. డబ్బా మీది ఎర్ర లైటు ఆరిపోయింది.

“లిఫ్టాఫ్! సిగ్నల్ క్లియర్!” అరిచింది చీఫ్.

బయట చీఫ్ పంపిన పోలీసులు ఆనందబాబు చేతులకి బేడీలు వేశారు. ఉష గబగబా వచ్చింది. “ఇందాక నా ఒంటి మీద వాళ్ళ మైకుండింది, నోరు తెరిస్తే చంపేసేవాళ్ళు. అతని కండలు పొగిడితే నువ్వూ ఒక బ్యాటరీ ఎత్తి చూడకుండా ఊరుకోవని తెలుసు.”

అందరూ ఆకాశంలోకి చూస్తున్నారు. సుధాకర్ మాత్రం జారిపోయే లుంగీని పట్టుకుని ఆనందబాబు భుజాలనే చూస్తున్నాడు.

“అంత గొప్ప కండలేం కావులే!”

“కండలు బాగానే ఉండాయి,” అంది ఉష.