నొక్కి తిప్పే మూత

గురువారం మధ్యాహ్నం నైలా స్కూల్ బస్సు దిగి ఇంట్లోకి వచ్చేసరికి నేను ఇంకా సోఫాలోనే ఉన్నాను. పొద్దున తనని పంపించి కూలబడిన చోటే. అమెరికాలో మా మెంఫిస్ ఊరి ఎండ నాకు పడదు. అందుకే పరదాలు వేసి ఉన్నాయి.

"ఏమైనా తిన్నావా అమ్మా?"

"కడుపులో తిప్పుతోందే. మొక్కజొన్న రొట్టె ఉంది, నువ్వు తిను," అంటుండగానే తేన్పు వచ్చింది. ఒకటే చేపల వాసన.

నైలా ముక్కు మూసుకుంది. "అమ్మో! పక్కింటి పిల్లి నిన్ను ఎత్తుకుపోతుంది, జాగ్రత్త!"

వేరే రోజైతే నవ్వేదాన్ని.

నాకు లూపస్. ఒంటిని కాపాడాల్సిన సైన్యం దారి తప్పి ఆ ఒంటినే కొట్టే జబ్బు అది. ఎవరికీ అంటుకోదు. నన్ను వదిలిపోదు కూడా. వేళ్లు వాచిన రోజు గుండీ కూడా పెట్టుకోలేను. ఇక మందు సీసాల మూతలంటారా, పిల్లలు తియ్యకూడదని నొక్కి తిప్పేవి పెడతారు. మా ఇంట్లో వాటిని తియ్యగలిగేది తొమ్మిదేళ్ల నైలా ఒక్కతే!

అందుకే ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే రోజుకొకటి చొప్పున ఏడు గదులున్న మందుల డబ్బా ముందేసుకుని కూర్చుంటుంది. గదికొక తెల్ల మాత్ర, ఒక పసుపు మాత్ర, బంగారు రంగులో ఒక చేపనూనె క్యాప్సూల్. రోజూ పొద్దున ఒక గది గుప్పిట్లో ఒంపుకుని మింగేస్తాను.

"చేపనూనె కీళ్లకి కాస్త సాయం చేస్తే చెయ్యొచ్చు, చెయ్యకపోనూ వచ్చు," అని డాక్టర్ ముందే చెప్పారు. "రోజుకొకటి వేసుకుని చూడండి. అసలు మందులు మాత్రం మానకూడదు."

సోమవారం నుంచి కడుపు బాగోలేదు. నా బుద్ధి ఎప్పుడూ తిన్నగా చెడ్డ చోటికే పోతుంది. జబ్బు కిడ్నీల దాకా వచ్చేసిందేమో! ఆసుపత్రిలో పడితే పిల్లని ఎవరు చూస్తారు? రేపు స్కూల్లో నైలా పాట ఉంది. క్రిస్మస్‌కి పాడినప్పుడూ వెళ్లలేకపోయాను.

ఆగలేక నర్సు పర్ల్ గారికి ఫోన్ చేశాను. పట్టుకోలేక స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను.

"కాళ్లు వాచాయా లొరెట్టా? జ్వరం ఉందా?"

"లేదండీ."

"మందులు రాసినట్టే వేసుకుంటున్నావా?"

"రాసినట్టే. మా పిల్లే సర్దుతుంది. తప్పు రానివ్వదు."

"అయితే ఇప్పుడే రా తల్లీ. రక్తం తీసి చూద్దాం. రేపు కూడా ఇక్కడే ఉండాల్సి రావచ్చు."

నైలా రొట్టె కింద పెట్టేసింది.

"రాసినట్టు కాదమ్మా," అంది చిన్నగా. "బంగారువి మూడేసి వేశాను."

"ఎందుకే?"

"ఒకటి వేసుకుంటే కొంచెం నయంగా ఉందన్నావుగా. మూడైతే శుక్రవారానికి పూర్తిగా తగ్గిపోతుందనీ... వచ్చి ముందు వరసలో కూర్చుంటావనీ..."

స్పీకర్‌లో పర్ల్ గారు అంతా విన్నారు.

"తెల్లవీ, పసుపువీ?" అడిగారు పర్ల్ గారు.

"ఒక్కొక్కటే. ఒట్టు."

"ఉండండి, డాక్టర్‌ని అడిగి మళ్లీ ఫోన్ చేస్తాను."

పది నిమిషాలు. నైలా నా మోకాలు పట్టుకునే కూర్చుంది. ఫోన్ మోగింది.

"కడుపు పాడైంది నూనె వల్లే కావచ్చట. అది ఆపెయ్యి. మిగతావి మానకు. సోమవారం పరీక్షకి రా. ఈలోగా ఏ తేడా అనిపించినా ఫోన్ చెయ్యి. అయినా లొరెట్టా, గుప్పిట్లో మూడున్నాయో ఐదున్నాయో చూడకుండా మింగేశావా?"

"చూడలేదండీ."

"సరిపోయారు తల్లీకూతుళ్లు!"

శుక్రవారం కడుపు కుదుటపడింది కానీ ఒళ్లు లేవలేదు. వెళ్లలేకపోయాను. నైలా ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే సోఫా పక్కన నిలబడి పాటంతా పాడింది.

ఆదివారం డబ్బా తెచ్చింది. తెల్ల మాత్రల సీసా మూత నొక్కి తిప్పి తీసింది. తను వెయ్యలేదు. సీసా నా ముందుకి జరిపింది.

"నువ్వు వెయ్యమ్మా. ఇద్దరం లెక్కపెడదాం."

మొదటి మాత్ర నా వేళ్లలోంచి జారి బల్ల మీద దొర్లింది. నైలా చెయ్యి చాపింది. అంతలోనే వెనక్కి లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"తొందరేం లేదమ్మా," అంది.