కిటికీ పిల్ల కొనబోయిన విమానం

పొద్దున్నే ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి చంకలో పాపని దించలేదు, కుర్చీలో కూర్చోలేదు.

"ఎవరో ఫోన్ చేశారండీ. 'కిటికీ పిల్లా, ఆ విమానం కొనకమ్మా' అని పెట్టేశారు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుంది గొంతు."

డిటెక్టివ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయన బావమరిది, అసిస్టెంటూ అతనే, చెవులు రిక్కించాడు.

ఆమె తండ్రి పైలట్. ఒక వ్యాపారి సొంత జెట్, ఏడెనిమిది మంది పట్టే చిన్నది, ఆయనే నడిపేవాడు. సెలవుల్లో కూతుర్నీ ఎక్కించుకునేవాడు. కిటికీ సీటు దొరక్కపోతే ఏడుపు లంకించుకునేది. అందుకే ఆ పేరు. ఇప్పుడు తండ్రీ లేడు, వ్యాపారీ లేడు. ఊళ్ళ మధ్య డాక్టర్లని విమానంలో తిప్పే పని మొదలుపెడుతూ, ఈమె కొంటే ఆ విమానమే కొంటానని పట్టుబట్టింది. రేపే సంతకాలు.

"పరీక్ష చేయించారా?"

"అంతదాకా ఆగను, వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు వ్యాపారి గారబ్బాయి. నా పిల్లనీ అందులోనే ఎక్కిస్తాను కదండీ. కంటి మీద కునుకు లేదు."

మధ్యాహ్నం విమానం ఉంచిన షెడ్డుకి వెళ్ళారు. వ్యాపారి కొడుకు, బ్రోకరు, అందరూ పెద్దమ్మగారని పిలిచే వ్యాపారి భార్య అక్కడే ఉన్నారు. షెడ్డు గోడలకి ఛాతీ ఎత్తు దాకా మాత్రం కొత్త రంగు మెరుస్తోంది.

"విమానం ఎన్నాళ్ళుగా ఇక్కడుంది?"

"నాన్న పోయినప్పట్నుంచీ. చుక్క నీరు తగల్లేదు," అన్నాడు కొడుకు.

"కార్పెట్ కొత్తదిలా ఉందే?"

"పోయిన నెలేగా నన్ను పిలిచారు. అప్పటికే వేసుందండీ," అన్నాడు బ్రోకరు.

"ఈ అమ్మాయి చిన్నప్పటి ముద్దుపేరు ఎవరికైనా తెలుసా?"

బ్రోకరు తెల్లమొహం వేశాడు. "నేనప్పుడు హాస్టల్లో ఉండేవాణ్ణి," అన్నాడు కొడుకు. పెద్దమ్మగారు మాత్రం పాప జుట్టు సవరిస్తూ ఉండిపోయింది.

లోపల వెనక సీటు చూడగానే అమ్మాయి మొహం మెత్తబడింది. "నాన్న చాక్లెట్లిచ్చేవాడు. కాగితాలు ఈ సీటు పక్క సందులో కుక్కేదాన్ని. దిగాక తిట్టేవాడు, మళ్ళీ ఎక్కగానే ఇచ్చేవాడు."

డిటెక్టివ్ ఆ సందులోకి వేళ్ళు దూర్చాడు.

"చెత్త ఏరడానికా బావా, ఇంత దూరం వచ్చాం?"

"ఇంట్లో మీ అక్క ఏరిస్తుంది, ఇక్కడ వృత్తి ఏరిస్తోంది. పట్టుకో."

పాత చాక్లెట్ కాగితాలు. ఎండిన బురదతో ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

అందర్నీ విమానం ముందు నిలబెట్టాడు డిటెక్టివ్.

"ఈ షెడ్డులోకి వరద వచ్చింది. విమానం నేల కింద వైర్లన్నీ తడిశాయి. తుప్పు పట్టిన వైరు గాల్లో ఎప్పుడు చెయ్యిస్తుందో ఎవరూ చెప్పలేరు. గోడ మీది మరక రంగుతో పోయింది, తడి కార్పెట్ మారిపోయింది. ఒక పిల్ల కాగితాలు దాచిన చోటు మాత్రం ఎవరికీ తట్టలేదు." కొడుకు వైపు తిరిగాడు. "నేను నీళ్ళ ఊసే ఎత్తలేదు, మీరే ఎత్తారు. షెడ్డు మీది. బ్రోకరు రాకముందే ముస్తాబంతా అయిపోయింది."



"మరి ఫోన్ చేసిందెవరు బావా?"

"ఆ ముద్దుపేరూ, ఈ వరదా రెండూ తెలిసినవాళ్ళు. కొడుకు పరువు తీయలేక, ఈ పిల్లని చూస్తూ చూస్తూ వదిలేయలేక నలిగినవాళ్ళు."

పెద్దమ్మగారు తల వంచుకుంది. "మీ నాన్న నన్ను ఎన్నిసార్లు క్షేమంగా దింపాడో తల్లీ. ఆయన కూతుర్ని ఇందులో ఎలా ఎక్కించను?"

అమ్మాయి కొననంది. వెళ్ళేముందు, "ఒక్కసారి కూర్చోనా?" అని అడిగింది. పాపని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఎదురు సీట్లో పెద్దమ్మగారు.

"బెల్టు పెట్టుకో," అంది పెద్దావిడ, అలవాటు కొద్దీ. పెట్టుకుంది.

పాప అద్దానికి ముక్కు ఆనించింది. "ఎప్పుడెళ్తాం?"

"మేం వెళ్ళొచ్చేశాంలే, బంగారం," అంది పెద్దమ్మగారు.